బంతియు, బడిపంతులును, ఊరి బయలును

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలో నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, ఏ విషయమును గురించి అని అడిగితిని. “మీ యిష్టము” అనిరి. నా యిష్టము ఫుట్‌బాలు అని చెప్పగా వారు కొంచెము సందేహించిరి. గ్రంథాలయమునకును బంతియాటకును సంబంధమేమి యని మీకును తోచవచ్చును. ఆ సంబంధమును చూపుటయే నేటి నా ప్రయత్నము. ప్రసంగము ముగియునప్పటికి అది మీకు కనబడనిచో తప్పు నాదిగాని, విషయముది కాదు.

మొదట మిమ్ము చాల దూరము తీసికొనిపోవలసియున్నది. ఇంగ్లండునకు పడమటి ప్రక్కన వేల్స్ అను చిన్న దేశము కలదు. కొండలు, బొగ్గుగనులు, గొఱ్ఱెల మందలు గల దేశమది. దాని యీశాన్య మూలన, ఇంగ్లండు సరిహద్దు నానుకొని చిర్క్ అను పల్లె యున్నది. ఆ పల్లెలో 1876వ సంవత్సరమున ఒక ఫుట్‌బాలు సంఘము ఏర్పడెను. అది ధనవంతులు పెట్టిన సంఘము కాదు. పగలెల్ల గనిలోనికి దిగి బొగ్గు త్రవ్వువారును, వారి బిడ్డలును శనివారము మధ్యాహ్నము ఆడుకొను సంఘము. అట్టి పల్లెటూరి జట్టు 1887 మొదలు 1894 వఱకు గల ఎనిమిదేండ్లలో వేల్స్ దేశపు కప్పును ఐదుమాఱులు గెలిచినది. పట్టణముల జట్లు వచ్చి ఓడిపోయి వెళ్ళినవి.

ఇది యెట్లు జరిగెను? ఆ యూరి బడిలో థామస్ అను ప్రధానోపాధ్యాయు డుండెను. ఆయన పిల్లలకు అక్షరములతోపాటు బంతిని గూడ నేర్పెను. ఆయన బడిలో చదివిన బాలురు అనేకులు తరువాత వేల్స్ దేశపు జట్టులో ఆడిరి. వారిలో మిక్కిలి పేరు పొందినవాడు బిల్లీ మెరిడిత్. 1874లో పుట్టిన యీ బాలుడు పండ్రెండేండ్ల వయస్సున గనిలో బండ్లు లాగు పొట్టి గుఱ్ఱములను తోలు పనికి కుదిరెను. ఇరువదియవ యేట మాంచెస్టరు పట్టణపు జట్టువారు పిలువవచ్చినప్పుడు ఆతని తల్లికి ఇష్టము లేకపోయెను. ఊరి బిడ్డలను ఊరిలోనే యుండనీయరాదా యని ఆమె వాదించెను. కుమారుడు వెళ్ళెను గాని కొంతకాలము గనిపని మానలేదు. వారమంతయు బొగ్గు త్రవ్వి, ఆటనాడు రైలెక్కి పోయి ఆడి వచ్చెడివాడు. నోట పంటిపుల్ల పెట్టుకొని ఆడుట ఆతని అలవాటు. 1904లో ఇంగ్లండు కప్పు అంత్యపోటీలో మాంచెస్టర్ సిటీ జట్టు నాయకుడును, ఆ యాటలోని ఒక్క గోలు కొట్టినవాడును ఈ గని బాలుడే.

ఆ పల్లెకును మనకును మధ్య సముద్రములున్నవి. అయినను ఆ కథలో మూడు వస్తువులను జ్ఞాపకముంచుకొనుడు: ఒక బయలు, ఒక బడిపంతులు, కాళ్ళయందు బలముగల పేదపిల్లలు. ఈ మూడును మన ప్రాంతమునకు కొత్త కాదు.

ఇక మన సంగతి. మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతపు పల్లెలలో పూర్వము పిల్లలాడుకొనినవి చిర్రగోనె, చెడుగుడు, గోలీలు. తోలుబంతి మనకు దండువారివలన వచ్చినది. 1806లో సికింద్రాబాదు దండు ఏర్పడిన తరువాత తిరుమలగిరి, బొల్లారము, అల్వాలు వైపులకు బారకాసులు వ్యాపించినవి. సాయంకాలము సిపాయిలు కవాతు మైదానములలో బంతి యాడెడివారు. చుట్టుపట్ల పల్లెల పిల్లలు గట్లపై కూర్చుండి చూచెడివారు. గీత దాటి వచ్చిన బంతిని తిరిగి తన్నుట వారికి మొదటి పాఠము. గుడ్డపేలికలను చుట్టి తాడుతో బిగించిన బంతి వారి మొదటి బంతి. బూట్లు లేవు, పాదమే బూటు.

క్రమముగా పేటలలో సంఘములు పుట్టినవి.   సికింద్రాబాదులో ఫ్రెండ్స్ యూనియన్ అను జట్టునందు ఆడిన బాలుడు పీటర్ తంగరాజు. ఆతడు 1953లో సైన్యమున చేరి, మొదట ముందువరుసలో ఆడి, పిదప గోలు కాపరియై, 1958లో ఆసియాఖండమునందే ఉత్తమ గోలుకీపరని పేరొందెను. ఇట్టి చిన్న సంఘములు ఆ దినములలో ఎన్ని యుండెనో, ఎవ్వరు బంతి కొని యిచ్చిరో, ఎవ్వరు చందాలు వసూలు చేసిరో నేడు చెప్పగలవారు అరుదైరి. ఈ మాటకు మరల వచ్చెదను.

చిర్కునకు థామస్ పంతులు ఎట్టివాడో, హైదరాబాదునకు సయ్యద్ అబ్దుల్ రహీం గారు అట్టివారు. వారు 1909లో హైదరాబాదునందు జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు. కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగుచోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. వ్యాయామవిద్యలో శిక్షణ పొందిరి. తాము స్వయముగా ఆడినవారే గాని, వారి కీర్తి ఆటవలన వచ్చినది కాదు, నేర్పుటవలన వచ్చినది. అందఱును వారిని ‘రహీం సాహెబు’ అనెడివారు.

వారు నేర్పిన విధానము నేటి ఉపాధ్యాయులును వినదగినది. మనవారికి ఆ రోజులలో బంతి దొరికినచో ఒక్కడే దానిని పట్టుకొని, పదిమందిని తప్పించుకొనిపోయి, చూపరులచే చప్పట్లు కొట్టించుకొనవలెనను కోరిక యుండెడిది. రహీం సాహెబు బంతితో ఒంటరిగా పరుగెత్తరాదను నియమముతో పోటీలు పెట్టిరి. బంతి వచ్చినదా, వెంటనే తోడివానికి అందింపవలెను. మఱియు బలహీనమైన కాలితోనే ఆడవలెనని పోటీలు పెట్టిరి. కుడికాలివాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను తన్నవలెను. చూచుటకు నవ్వు వచ్చునట్టి ఆటలే యవి. కాని ఆరునెలలు అట్లాడిన పిల్లవానికి రెండు కాళ్ళును సమానమగును. తోడివాడు ఎక్కడ నిలిచియున్నాడో తలయెత్తి చూచు అలవాటు కలుగును. ఒంటరిపోకడ మాని, లోపమును దిద్దుకొనవలెననుట బంతికే కాదు, బ్రతుకునకును పనికివచ్చు పాఠమని నేను వేరుగ చెప్పనక్కఱలేదు.

1950లో వారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఈ జట్టు అంతకు ముందే పేరున్నది. 1943లో బెంగుళూరున ఆష్ బంగారు కప్పు పోటీలో రాయల్ ఎయిర్ ఫోర్సు జట్టును ఓడించినది. కాని రహీం సాహెబు వచ్చిన తరువాత జరిగినది వేఱు. బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు ఈ జట్టే గెలిచెను. స్వాతంత్ర్యానంతరము ఢిల్లీలో 1950లో జరిగిన డ్యూరండు కప్పు అంత్యపోటీలో కలకత్తా మోహన్ బగానుతో మొదటి దినము 2-2 గా నిలిచి, మఱల ఆడినప్పుడు 1-0 తో గెలిచెను. కలకత్తా జట్లకు లక్షలాది అభిమానులు, వందల రూకలు. మనవారు జవానులు, పగలు కాపలా, సాయంత్రము బంతి. అంతవఱకు దక్కనులో బంతియాట కలదని ఉత్తరాదివారు ఎఱుగరు. ఆనాటినుండి ఎఱుగకపోవుట సాధ్యము కాలేదు.

సభాసదులారా, ఇప్పుడు మన ఇంటి కథ చెప్పెదను. మన ఊరినుండి సైకిలుపై పోదగిన దూరములో అమ్ముగూడ యున్నది. నేడది మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని భాగమే. 1936 అక్టోబరు 4వ తేదీన అక్కడ ఒక పేద తమిళ కుటుంబమున తులసీదాస్ బలరాం పుట్టెను. దండు ప్రక్కన పల్లె. ఇంటిలో కలిమి లేదు. ఆడవలెనన్న కోరిక గలదు గాని ఆడుటకు బూట్లు లేవు. ఆయనయే పెద్దవాడైన పిమ్మట చెప్పుకొనిన సంగతి యిది. పోలీసులు తొడిగి పాఱవేసిన పాతబూట్ల తోలుతో తనకు ఆటబూట్లు కుట్టిపెట్టుమని లాల్‌బజారులో చెప్పులు కుట్టువానిని అడిగెనట. అతడు రెండు రూపాయలడిగెను. బాలుడు తల్లియొద్ద ఆ సొమ్ము అప్పుగా తీసికొనెను. తల్లి బిడ్డకు ఇచ్చినదానిని అప్పు అనుట వింతయే. కాని ఆ యింటిలో రెండు రూపాయలు ఎంతటివో ఆ మాటవలన తెలియుచున్నది.

రహీం సాహెబు ఈ బాలుని ఆటను చూచిరి. హైదరాబాదునకు వచ్చి అభ్యాసము చేయుమనిరి. అమ్ముగూడనుండి పట్టణమునకు దినదినము పోవుటకు చేతిలో పైస లేదని బాలుడు చెప్పెను. అద్దె సైకిలు ఖర్చు తామిచ్చెదమని వారనిరి. ఒక బడిపంతులు ఒక పేదపిల్లవాని సైకిలు అద్దె యిచ్చుట చాల చిన్న విషయము. ఆ చిన్న విషయము జరుగకపోయినచో తరువాతి పెద్ద విషయములేవియు జరిగియుండవు. 1956లో బలరాం సంతోష్ ట్రోఫీ పోటీలలో హైదరాబాదు తరఫున ఆడెను. ఆ యేడు కప్పు హైదరాబాదుదే. మఱుసటి యేడును మనదే. అదే 1956 చివర, ఇరువదియేండ్ల వయస్సున, ఆయన మెల్బోర్ను ఒలింపిక్సునకు భారతజట్టులో బయలుదేఱెను.

ఆ మెల్బోర్ను జట్టును గూర్చి మన పిల్లలు తప్పక తెలిసికొనవలెను. అంతకు నాలుగేండ్లు ముందు, 1952లో, హెల్సింకిలో మనవారు చాలమంది వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తో ఓడిరి. ఆ చలిలో, ఆ తడినేలపై వట్టిపాదము నిలువలేదు. ఆ ఓటమి తరువాతనే బూట్లు తప్పనిసరి యాయెను. నాలుగేండ్లలో రహీం సాహెబు ఎట్టి మార్పు తెచ్చిరనగా, మెల్బోర్నులో మన జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డపైననే 4-2 తో ఓడించి, సెమీఫైనలు చేరెను. ఒలింపిక్సు ఫుట్‌బాలులో అంతదూరము పోయిన మొదటి ఆసియా దేశము మనదే. అచ్చట యుగోస్లావియా చేతను, పిదప మూడవ స్థానపు ఆటలో బల్గేరియా చేతను ఓడి నాలుగవ స్థానమున నిలిచితిమి. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, సలాం, అహమ్మద్ హుస్సేన్, బలరాం మొదలగువారు హైదరాబాదు మట్టిలో ఆట నేర్చినవారు. గోలు కాపరి తంగరాజు సికింద్రాబాదు బాలుడు. పేర్లను మరల చదివి చూచుకొనుడు. మతములు వేఱు, మాతృభాషలు వేఱు. తొడిగిన చొక్కా ఒక్కటే.

1960లో రోము ఒలింపిక్సునందు హంగరీ వంటి మహాజట్టుతో 2-1 తో మాత్రమే ఓడితిమి. ఆ ఒక్క గోలు బలరాముది. పెరూతో 3-1 తో ఓడితిమి. ఆ గోలును ఆయనదే. 1962లో జకార్తా ఆసియా క్రీడలు వచ్చినవి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తో ఓడితిమి. తరువాత థాయిలాండును 4-1 తోను, జపానును 2-0 తోను, దక్షిణ వియత్నామును 3-2 తోను గెలిచి ఫైనలు చేరితిమి. అక్కడ ఎదురైనది మరల దక్షిణ కొరియాయే. ఆ క్రీడలకు కొన్ని దేశములను రానీయలేదను వివాదమున మన దేశీయుడైన ఒక క్రీడాధికారి గట్టిగా మాటాడినందున, అచ్చటి ప్రజలకు మనపై కోపము పెరిగియుండెను. మైదానమంతయు మనవారికి విరుద్ధముగా కేకలు వేయుచుండెను. తలకు దెబ్బతగిలి కుట్లు పడిన జర్నేల్ సింగు ముందువరుసలో ఆడి గోలు కొట్టెను, పి. కె. బెనర్జీ మఱియొకటి కొట్టెను. 2-1. బంగారు పతకము మనది. 1951లో ఢిల్లీలో ఇరానును 1-0 తో గెలిచిన తరువాత ఇది రెండవది. ఇంతవఱకు ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు బంగారమునకు ఇదియే కడపటిది. రెండింటికిని శిక్షకులు రహీం సాహెబే. వారు అప్పటికే వ్యాధిపీడితులు. 1963 జూన్ 11వ తేదీన క్యాన్సరు వ్యాధిచే స్వర్గస్థులైరి.

బలరాముని ఆటయు ఆ యేటనే ముగిసినది. 1957 నుండి కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ జట్టునందు ఆడి, 1961లో దాని నాయకుడై, 1962లో అర్జున పురస్కారమును పొందిన ఆయన, ఊపిరితిత్తుల వ్యాధివలన 1963లో, ఇరువదియేడవ యేట, ఆట విడువవలసివచ్చెను. చునీ గోస్వామి, బెనర్జీ, బలరాం — ఈ ముగ్గురును ఒక తరమునకు త్రిమూర్తులని చెప్పుకొనెడివారు. తక్కిన యిద్దఱికి పద్మశ్రీ వచ్చినది, ఈయనకు రాలేదు. హుగ్లీనది యొడ్డున ఉత్తరపారాలో నివసించి 2023 ఫిబ్రవరి 16వ తేదీన కన్నుమూసిరి. ఆ వార్త వచ్చిన దినమున నేను మన యూరి హోటలులో కూర్చున్న యువకులను, “అమ్ముగూడ బలరాం పోయెను, ఎఱుగుదురా?” అని అడిగితిని. “ఏ బలరాం సార్? రియలెస్టేట్ బలరామా?” అని ఒకడనెను. నేను వానిని తప్పుపట్టలేదు. వానికి చెప్పినవా రెవ్వరు?

ఆట ఎందుకు క్షీణించినదని మీరడుగవచ్చును. కారణము లనేకము. మహాగురువు పోయిన తరువాత అంతటి గురువు దొరకలేదు. నేర్చినవారు ఉద్యోగములకై కలకత్తా, బొంబాయి పోయిరి. 1983లో ప్రపంచకప్పు గెలిచిన పిమ్మట పిల్లల చేతికి బ్యాటు వచ్చెను. నాకు క్రికెట్టుపై కోపము లేదు. మన శామీర్‌పేట దారిలో హకీంపేటయందు ప్రభుత్వ క్రీడా పాఠశాల యున్నది, అది మెచ్చదగినదే. 2019లో హైదరాబాదు పేరిట ఒక పెద్ద జట్టు ఏర్పడి, 2022 మార్చిలో దేశపు పెద్ద లీగును గెలిచినది. నేను కన్నీరు పెట్టుకొంటిని. కాని ఆ జట్టు పూనా జట్టు స్థానమున వచ్చినది. 2025లో యజమానులు దానిని ఢిల్లీకి తరలించి పేరు మార్చిరి. ధనముతో వచ్చినది ధనముతో పోవును. చిర్కు పల్లె సంఘము ఎవ్వరును ఎచ్చటికిని తరలింపలేనిది, ఏలయన దానికి వేరు ఆ యూరి నేలలో నున్నది.

అన్నింటికంటె పెద్ద కారణము నేలయే. ఫుట్‌బాలు మైదానమునకు సుమారు ఎకరమున్నర నేల కావలెను. నాగపూరు రహదారియు, కరీంనగరు రహదారియు, వాటిని కలుపు ఔటర్ రింగురోడ్డును వచ్చిన పిమ్మట మన ప్రాంతమున ఎకరమున్నర నేల పిల్లల యాటకు విడిచిపెట్టు ధైర్యము ఎవ్వరికి కలదు?

ఇంతవఱకు పెద్దవారి కథ చెప్పితిని. ఇక మన జట్టు కథ. ఈ సభలో నెరసిన తలలు గలవారికి జ్ఞాపకముండును. 1970 ప్రాంతములలో మన యూరిలో ఒక ఫుట్‌బాలు జట్టుండెను. చెరువుకట్ట క్రింద, ఇప్పుడు కాలనీ యున్నచోట, విశాలమైన బయలుండెను. సర్వికొయ్యలు పాతి గోలు స్తంభములు చేసికొంటిమి. ఇంటింటికి రూపాయి చొప్పున చందా దండి తోలుబంతి కొంటిమి. మా అమ్మ రూపాయి యిచ్చుచు, “కొడుకా, ఈ తోలుముద్దకు ఇన్ని పైసలా?” అన్నది. లోపలి రబ్బరు తిత్తికి సైకిలు పంపుతో గాలికొట్టి, లేసు బిగించి, తడిసిన బంతిని పొయ్యికి దూరముగా ఆరబెట్టుట నా పని. నేనే కార్యదర్శిని, కోశాధికారిని. ఆటలో మాత్రము తఱచుగా గీత బయటనే యుండెడివాడను.

మా గోలు కాపరి మాదిగవాడ బాలుడు. బంతి చినిగినప్పుడు కుట్టినవాడు ఆతని తండ్రి. ఆ బంతిని తలతో కొట్టుటకు ఎవ్వరికిని అభ్యంతరము లేకుండెను. వారింటి నీరు త్రాగుటకు మాత్రము మాలో కొందఱికి అభ్యంతర ముండెను. నాకును ఉండెనని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. ఒక వేసవి సాయంకాలమున ఆట ముగిసినప్పుడు దాహముతో అందఱమును వారింటి ముందఱనే పడిపోతిమి. ఆతని తల్లి కుండతో నీరు తెచ్చి, ఇత్తునా వలదా యని నిలిచిపోయినది. మా నాయకుడు దోసిలి పట్టెను. తరువాత అందఱమును పట్టితిమి. ఆ కుండనీటితో పోయినది మా దాహమొక్కటియే కాదు.

అల్వాలునకు, బొల్లారమునకు సైకిళ్ళపై ఇద్దఱిద్దఱుగా పోయి ఆడితిమి. ఎక్కువసారులు ఓడితిమి. ఒకసారి దండు కుఱ్ఱవాండ్ర జట్టును గెలిచి వచ్చినప్పుడు డప్పులతో ఊరు మమ్ము ఎదుర్కొనెను. ఆ ఆటల తేదీలు, గోళ్ళ లెక్కలు, పదునొకండుగురి పేర్లు, రూపాయి చొప్పున చందా యిచ్చిన ఇండ్ల జాబితా — అన్నియు ఒక నల్ల అట్టపుస్తకమున వ్రాసియుంచితిని. ఉద్యోగమువలన ఊరు విడిచి పోవునపుడు దానిని అటకపై పెట్టితిని. పండ్రెండేండ్లకు తిరిగివచ్చి చూడగా అట్ట మాత్రము మిగిలినది. కాగితములను చెదలు తినినవి. అప్పుడు మనకు గ్రంథాలయము లేదు. ఉన్నను నాకు ఆ బుద్ధి పుట్టియుండెడిది కాదేమో. చిర్కు పల్లె గనికూలీల యాటను నేను మీకు నేడు సంవత్సరములతో చెప్పగలిగితిని. మన సొంత యూరి జట్టు గెలిచిన తేదీని చెప్పలేకున్నాను. వారు మనకంటె గొప్పగా ఆడిరో లేదో తరువాతి మాట. వారు వ్రాసి దాచుకొనిరి.

మఱియొక సంగతి చెప్పనిచో ఈ ప్రసంగము కపటమగును. చెరువుకట్ట క్రింది బయలు ఒక ఆసామి పట్టాభూమి. దయతో మమ్ము ఆడుకొననిచ్చెను. వారి బిడ్డలు దానిని గజములలెక్కన అమ్మినప్పుడు, ఆటస్థలము పోవుచున్నదని ఊరిలో కొందఱు యువకులు నాయొద్దకు వచ్చి, అందఱమును కలిసి అడుగుదము, కొంత భాగమైనను నిలుపుదము, మీరు ముందుండుడని కోరిరి. ఆలోచించి చెప్పెదనంటిని. ఆ వారముననే నేను అందులో నూటయేబది గజములు కొంటిని. ఆ కాలనీలో తూర్పున మొదటి యిల్లు నాది. మా గోలు స్తంభము నిలిచినచోట నేడు నా యింటి తులసికోట యున్నది. దోషము చట్టములో లేదు. పత్రములన్నియు సరిగానే యున్నవి. అయినను సాయంకాలమున సందులో పిల్లలు బంతి తన్నగా నా గోడకు తగిలినప్పుడు నాకు వారిని కోపగించుటకు నోరు రాదు.

అందుచేత ఈ రజతోత్సవ సమయమున మూడు మనవులు చేయుచున్నాను.

మొదటిది: బడి వెనుకటి బయలు ఇంకను మిగిలియున్నది. పూర్తి మైదానమునకు చాలదు గాని, ఏడుగురేసి ఆడుటకు చాలును. దానిని దేనికో ఒకదానికి వాడుకొనవలెనని మాటలు వినబడుచున్నవి. భవనము ఎక్కడనైనను కట్టవచ్చును; బయలును ఎక్కడను కట్టలేము. ఊరి పెద్దలు దానిని ఆటస్థలముగా తీర్మానించి, దస్త్రములలో ఎక్కించి, కొలతలతో హద్దురాళ్ళు పాతించవలెను. మాటవరుసకు ఉన్న బయలు మాటవరుసకే పోవునని నాకు అనుభవము.

రెండవది: మన బడిలో పిల్లలతో సాయంకాలము నిలువగల ఉపాధ్యాయుడో, ఉపాధ్యాయినియో ఎవరున్నను వారిని ఊరు గౌరవించవలెను. బంతియు, పంపును, దాహమునకు నీరును ఇచ్చి తోడ్పడవలెను. ఆడపిల్లలకును ఆ బయలులో సగము పొద్దు వదలవలెను. రహీం సాహెబునకు అద్దె సైకిలు ఖర్చు ఎవ్వరును ఇయ్యలేదు, వారే యిచ్చిరి. మనము పంతులుగారి జేబుపై అంత భారము వేయరాదు.

మూడవది గ్రంథాలయమునకు. ఇరువదియైదేండ్లు మీరు పరులు వ్రాసిన పుస్తకములను భద్రపఱచితిరి. ఇకమీదట ఊరు వ్రాయవలసిన పుస్తకమొకటి మీ బీరువాలో ఉంచుడు. ఆటలేకాదు, బతుకమ్మ పాటకత్తెల పేర్లు, బావులు త్రవ్వినవారి పేర్లు, భజన మండలివారి పేర్లు, కరవు సంవత్సరములు, చెరువు అలుగు పాఱిన సంవత్సరములు — జ్ఞాపకమున్నవా రుండగానే వ్రాయించుడు. మా జట్టు పదునొకండుగురిలో నేడు నలుగురము మిగిలితిమి. గోలు కాపరి ఈ సభలోనే వెనుక వరుసలో కూర్చుండియున్నాడు. లేచి నిలువుమన్న సిగ్గుపడును, కనుక పిలువను. మేము నలుగురము గడచిన పక్షము రోజులు రాత్రులయందు కూర్చుండి, ఒకడు మఱచినది ఒకడు చెప్పగా, మా జట్టు కథను ఒక నోటుపుస్తకమున ముప్పదిరెండు పుటలు వ్రాసితిమి. తేదీలు లేవు. పేర్లున్నవి. చందా యిచ్చిన ఇండ్లలో నలుబది వఱకు జ్ఞాపకమునకు వచ్చినవి. తప్పిపోయినవారు చెప్పినచో చేర్చెదము. పుస్తకము చివర తెల్లపుటలు విడిచితిమి. అవి బడి వెనుకటి బయలులో ఆడబోవువారివి.

ఆ పుస్తకమును ఇప్పుడు అధ్యక్షులవారి చేతికి ఇచ్చుచున్నాను. దానితోకూడ ఒక కొత్తబంతియు, రెండు ఇనుప గోలు స్తంభముల జతలకగు సొమ్మును సమర్పించుచున్నాను. దీనిని దానమనవలదు. ఇది నూటయేబది గజములకు నేను చెల్లింపవలసియుండిన బాకీలో కొంత.

 సభ ముగియగానే చిరంజీవులు బంతికై తొందరపడుదురని నాకు తెలియును. బడి వెనుకకు పొండు. బంతి వచ్చినప్పుడు తలయెత్తి, తోడివాడు ఎక్కడ నున్నాడో చూచుడు.